చిలక్కి చెప్పినట్టు

డోరీన్ ఇల్లమ్మేసి ఫ్లాట్‌కి మారుతూ
కంచె మీదుగా పంజరం అందించింది.
"ఇరవై రెండేళ్ళ వాడు. కొరుకుతాడు.
టీ మాత్రం పొయ్యకు."
అప్పగింతలంటే అంతే.

గులాబీ పొట్ట, బూడిద రంగు వీపు.
ఇక్కడివాళ్ళు గలా అంటారు.
మా మేదిని చూసీ చూడగానే
"అమ్మా, ఉల్లిగడ్డ!" అంది.
పేరలా ఖాయమైపోయింది.

వాగా వాగాలో జులై నెల.
గరాజ్‌లో హీటర్ నా ఎడమకాలికి మాత్రమే పనిచేస్తుంది.
పాత ఇస్త్రీ బల్ల మీద వాణ్ణి నిలబెట్టి
ఒక చేతిలో నూడుల్స్‌తో పాటు వచ్చిన పుల్ల,
ఒక చేతిలో పొద్దుతిరుగుడు గింజ.
మూడో చెయ్యి లేదు కనక
శభాష్ చెప్పే పని నాలుకది:
టక్.

పుల్ల కొస ముక్కుతో తాకితే టక్.
టక్ అంటే గింజ.
ఇంతే వ్యాకరణం.
అయినా మొదటి వారం పుల్ల తిన్నాడు,
రెండో వారం నా బొటనవేలు.
మూడో వారం పుల్ల ఎటు తిరిగితే అటు
బొంగరంలా ఒక చుట్టు తిరిగాడు,
తిరిగినందుకు తనే ఆశ్చర్యపోయి
తోక ముడిచి చూశాడు.

నాకు కావలసింది వేరే.
పరిచిన ఉనో కార్డుల్లోంచి ఒక్కటి లాగాలి.
తెనాలి ప్లాట్‌ఫారం మీద
పసుపు చొక్కా ఆయన చిలక
నా ఎనిమిదో క్లాసు ఫలితాన్ని ముక్కుతో బయటికి లాగింది.
లాగింది తప్పని జూన్‌లో తేలింది.
కానీ ఆ నడక,
తలుపు తీస్తే బయటికొచ్చి, పని చూసుకుని
తిరిగి లోపలికెళ్ళిపోయే ఆ గుమాస్తా నడక
ఇన్నేళ్ళూ నాతోనే ఉంది.

పగలు నేను పళ్ళ డాక్టరు ముందుగదిలో ఫోనెత్తుతాను.
"నో వర్రీస్" అనడానికి నాలుగు నెలలు పట్టింది.
అచ్చు ఇక్కడి సాగదీతతో పడిన మొదటి రోజు
మేనేజర్ ట్రేసీ నా బల్ల మీద
ఒక చాక్లెట్ పెట్టి వెళ్ళింది.
సంతోషంగా తిన్నాను కూడా.
చెయ్యి గింజల డబ్బాలో ఉండగా
అది గుర్తొచ్చి
ఆ సాయంత్రం పాఠం తొందరగా ముగించేశాను.

ఆగస్టుకి ఉల్లిగడ్డ కార్డు లాగాడు.
లాగాక చింపడం తనే నేర్చుకున్నాడు.
"రేపు బడికి సెలవా?" అని మేదిని.
ఎర్ర నాలుగు.
"అంటే ఏంటమ్మా?"
"ఏమో."
"చింపేశాడుగా. సెలవే."
సెలవు కాదు. బడికెళ్ళింది, ఏడుస్తూ.

ఆదివారం చూడ్డానికి డోరీన్ వచ్చింది,
నిమ్మకాయ కేకు పట్టుకుని.
కార్డులు పరిచాం. ఊపిరి బిగబట్టాం.
వాడు ఒక్కో కార్డునీ
ఆస్తి పంపకాల్లో పెద్దమనిషిలా పరికించాడు.
కదల్లేదు.
చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నిజంగా చిలక్కే చెప్పాను.
కదల్లేదు.
అప్పుడు నల్లటి నాలుక కొద్దిగా కదిలింది:
టక్.

గింజ వాడి ముక్కులో ఉంది.
ఇచ్చింది నా చెయ్యే.
ఎప్పుడిచ్చిందో నాకు తెలీదు.
టక్. ఇంకో గింజ.
టక్.
డోరీన్ నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు టీలో కార్చుకుంది.
"ఎంత బాగా నేర్పావు!" అంది,
మా ఇద్దరి మధ్య ఎటో చూస్తూ.

ఆమె వెళ్ళాక కార్డులేరుతుంటే
వీధిలో కరెంటు తీగ మీద
గులాబీ పొట్టలు బారులు తీరి
సంతలో బేరాల్లా ఒకటే గోల.
వీడు జుట్టు విప్పి విన్నాడు.
చాలాసేపు విన్నాడు.
తర్వాత కిటికీ వైపు జరిగి
పుల్ల లేకుండా, ఎవరూ అడక్కుండా
ఒక చుట్టు తిరిగాడు.

తీగ మీద వాళ్ళెవరూ చూళ్ళేదు.
నా నాలుక
అంగిటికి అంటుకుని అలాగే ఉండిపోయింది.