గడువు తప్పింది

సూర్యారావుపేటలో ఆ ఆసుపత్రి మూడో అంతస్తు,
గోడంతా పసిపిల్లల ఫొటోలే.
ఎటు తిరిగి కూర్చున్నా
ఎవరో ఒకరు బోసినవ్వు నవ్వుతుంటారు.
అందుకే తల వంచుకుని చదువుకుంటాను.
ఫైలు కింద పుస్తకం, పుస్తకంలో గుర్తుగా టోకెన్,
ముప్పై ఎనిమిది.

పక్క కుర్చీలో ఒకామె చెల్లెలితో గుసగుసగా అంది:
"ఏదో పరీక్ష రాస్తున్నట్టుంది పాపం."
నిజమే. నాలుగోసారి.

ఇంట్లో ఫ్రిజ్ తలుపులో
పెరుగు గిన్నె పక్కన ఇంజక్షన్లు.
రాత్రి తొమ్మిదింటికి వీరాంజనేయులు
చేతులు రెండుసార్లు కడుక్కుంటాడు.
ఆటోనగర్ గ్రీజు గోళ్ల సందుల్లోంచి ఓ పట్టాన పోదు.
బస్సు బాడీలకి రివెట్లు కొట్టే చేతులు
ఆ సన్నటి సూది పట్టుకునేసరికి వణుకుతాయి.
నేను చీర కాస్త జరిపి
రెండో చేత్తో పేజీ తిప్పుతాను.
"నొప్పెట్టిందా?"
"ఆగు, ఈ పేరా అయిపోనీ."

సీమంతాలకి వెళ్లడం నేను మానేశాను,
పిలవడం వాళ్లూ మానేశారు.
రెండూ ఒకే ఏడాది జరిగాయి గనక
ఎవరికీ మనసు కష్టం లేదు.
పటమట పిన్ని మాత్రం ఫోనులో వదలదు,
"ఏమన్నా విశేషమా?"
బోలెడు పిన్నీ.
కాలువ పక్క పాత పుస్తకాల కొట్లో ఖాసింపీరాగారు
రెండో భాగం మాత్రమే ఉన్న నవల ఇరవై రూపాయలకిచ్చారు.
మొదటి భాగం అంట్లు తోముతూ నేనే అల్లుకుంటున్నాను.

ఇప్పుడు చదువుతున్నది లైబ్రరీది.
అట్ట లేదు. పేర్లున్న పేజీని చెదలు తినేశాయి.
అందులో ఒకావిడ ఉంది,
రేవు దగ్గర అటుకులు అమ్ముతుంది.
మూడువందల పన్నెండు పేజీలు
పడవలొస్తాయి, వరదొస్తుంది, అప్పులవాడొస్తాడు.
ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు
నీకు పిల్లలెంతమంది అని ఆవిణ్ణి అడగరు.
రాసినవాళ్లు మర్చిపోయారో
తెలిసే వదిలేశారో.
రోహిణి ఎండల్లో బెజవాడ కుంపటైపోయిన ఈ వేసవంతా
నేను ఆ అడగని చోటే చాప పరుచుకుని కూర్చున్నాను.

నూట నలభయ్యో పేజీలో ఎవరో పెన్సిల్‌తో
"ఇక్కడ లేచి మొహం కడుక్కొచ్చాను" అని రాశారు.
ఏ ఊరో ఏ ఏడో లేదు.
లైబ్రరీ పుస్తకాల మీద రాయకూడదు, బోర్డు కూడా ఉంది.
దాని కింద గోటితో చిన్న గీత గీశాను.

శుక్రవారం ఫోనొచ్చింది.
"నెగటివ్ అండీ" అంది అవతలి అమ్మాయి.
కొత్తగా చేరినట్టుంది, గొంతు పూడుకుపోయింది తనకే.
పర్లేదమ్మా, అన్నం తిన్నావా అని
నేనే ఓదార్చి పెట్టేశాను.
కుక్కర్ మూడుసార్లు కూసింది.
ఆరుసార్లు.
ఎవరూ లేవలేదు.

సాయంత్రం లైబ్రరీకి వెళ్తే
ముసలాయన స్లిప్పు మీద కళ్లజోడు ఆనించి
"తప్పిందమ్మా" అన్నాడు,
"నెల పైనే అయింది గడువు తప్పి."
పదకొండేళ్లుగా ఎవరి నోటనైనా వినాలనుకున్న మాట
ఏడు రూపాయల జరిమానాతో వచ్చింది.
బల్ల పట్టుకుని నవ్వాను.
ఆయన కంగారుపడి మంచినీళ్లివ్వబోయాడు.
తాగి, రసీదు తీసుకుని,
అదే పుస్తకం మళ్లీ రాయించుకుని
బందరు కాలువ గట్టున నడిచొచ్చేశాను.

ఆ రాత్రి ఇంజక్షన్ లేదు.
అయినా తొమ్మిదింటికి లేచి చేతులు కడుక్కున్నాడు,
రెండుసార్లు.
తువ్వాలుతో తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయాడు కాసేపు.
పుస్తకమంటే తనకి ఆవులింత.
వచ్చి మంచం పక్కన నేల మీద చతికిలబడి
"ఆ అటుకులావిడ ఏమైంది?" అన్నాడు.
ఆవిడ సంగతి ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు.

"వాన మొదలైంది వాళ్ల రేవులో."

"బస్తాలు తడిసిపోవూ?"

"ఏమో. ఉండు, చదువుతాను."