కుడి చెయ్యి

దామలచెరువు మండీలో
మూడో లారీకి బేనీషా ఎత్తే టైముకు
ఫోన్లో గజేంద్ర పేరు పిలిచినారు.
పద్దెనిమిది లక్షలు.
కాటా మీద గంప అట్లే పెట్టి చూస్తా నిలబడితే
ముల్లు ఊగతానే ఉన్నింది.

మా ఓనరు తువ్వాల కింద వేళ్లు పట్టుకోని బేరం చేస్తాడు.
రెండు వేళ్లు, అర వేలు, చివర్లో ఒక నొక్కు.
ఏ కాయ ఎంతకు పోయిందో పక్కనోడికి తెలీదు.
అక్కడ మాత్రం అంతా వెలుతురే.
కోటేసుకున్న మనిషి సుత్తి కొడితే
మావోడి తొడలూ, ఊపిరీ, మూడేండ్ల తెల్లవారుజాములూ
ఒక్క అంకెలో ఇమిడిపోయినాయి.

పొద్దుగూకేసరికి ముగ్గురు.
గజేంద్ర, యుగంధరు, కొత్తకోట హనీఫు.
ముగ్గురిదీ పాకాల కాలేజీ,
రైలుకట్ట పక్కన కంకర ఏరి ఏరి
మేమే మెత్తన చేసుకున్న మట్టి.

స్టేషను టీకొట్లో లెక్కలు మొదలైనాయి.
"అంతటోళ్లను ముగ్గుర్ని పెట్టుకోని
ఒక్క యూనివర్సిటీ కప్పు తేలేకపాయనే చెంగల్రాయులు సారు!"
"పుత్తూరోళ్లను చూడు, నాలుగేండ్లు వరసగా కప్పు.
ఒక్కడన్నా వేలంలో పోయినాడా?
కోచంటే ఆయనప్పా."
"ఆయన గెలిచినాడు, ఈయన తయారు చేసినాడు."
"చేసేదేముందిలే, పుట్టుకతోనే రావాల."
నేను నోరు తెరవలేదు. టీ మీద మీగడ కట్టింది.

పుట్టుకతోనేనా?
గజేంద్ర మొదటిరోజు కూతకు పోయి
గీత దాటకముందే దగ్గినాడు.
హనీఫు వచ్చింది హైజంపుకు.
యుగంధరుకు ఏ కాలు ముందుండాలో గుర్తుండదని
ఎడమకాలి బొటనవేలికి సారు ఎర్రదారం కట్టి
పన్నెండు వారాలు విప్పనీలేదు.
స్నానానికి కూడా.

అట్లని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను.
ఆ సెమీఫైనల్లో, ఆఖరి కూత, ఒక్క పాయింటు కావాల.
గజేంద్రను కూచోబెట్టి
మొదటేడు పిల్లోణ్ణి పంపినాడు.
"వాడూ నేర్చుకోవాల గదరా."
ఓడిపోయినాం.
పూతలపట్టు దగ్గర బస్సాపి ఆయనే బజ్జీలు తెచ్చినాడు.
నేను తినలేదు.
ఆ పిల్లోడు ఇప్పుడు ఆటే ఆడడు,
పీలేరులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.
ఆ కోపం నాలో ఇంకా రవ్వంత ఉండాది.

యుగంధరుది ఎడమ మూల. నేను వాని పక్కన.
వాని కుడి చెయ్యి నా ఎడమ చేతిలో.
ఒక నొక్కు అంటే ఆగు.
రెండు నొక్కులంటే పో.
వాడు పోయేవాడు, చీలమండ దొరికేది,
ఫోటోలో వాడూ, ఆ కాలూ పడేవి.
అప్పటికే వదిలేసిన చెయ్యి ఎవరిదో
ఏ కెమెరాకూ కావాల్సిన పని లేదు.
నా పేరూ పట్టీలో ఉన్నింది,
మూడువందల పన్నెండో నంబరు.
పిలవకుండానే టీ విరామం ఇచ్చేసినారు,
మళ్లీ మొదలయ్యేసరికి
జట్ల దగ్గర డబ్బు అయిపోయింది.

పుత్తూరాయన గొప్పా, మా సారు గొప్పా?
కాయను చూసి చెట్టును చెప్పగలను,
అది రోజూ నేను చేసే పనే.
అంటు కట్టిన చెయ్యి ఎవరిదో మాత్రం
ఏ కాయా చెప్పదు.
చెప్పే కాయ ఇంతవరకు నా కాటా మీదికి రాలేదు.

రాత్రి పదికి సారు ఫోను.
ముగ్గురి మాటే ఎత్తలేదు.
"బేనీషా ఎట్లుందిరా?"
"టన్నుకు నాలుగువేలు దిగింది సార్."
కొంచేపు ఇద్దరం ఊరికే ఉన్నాం.
వెనక కాట్పాడి బండి కూత వినబడింది,
గ్రౌండులోనే ఉన్నట్టుండాడు ఇంకా.

"ఆదివారం రా వడివేలూ.
పెనుమూరు నుంచి ఒకడొచ్చినాడు.
కాళ్లు బాగుండాయి, కండ్లు బాగుండాయి.
కుడి చెయ్యి మాత్రం
ఎవరికీ ఇయ్యడంలా."