విజిల్ లేని రెఫరీ

పాలకొల్లులో ఆ రోజు ముహూర్తాల్లేవు.
కల్యాణమండపం మాకిచ్చారు, సగం అద్దెకే.
పెళ్ళికుర్చీలు గోడకి జరిపి
పది బల్లలు, ఇరవై ఫోన్లు, ఒక తెల్లటి తెర.
స్తంభాలకి నిన్నటి బంతిపూలు ఇంకా వాడుతున్నాయి.

ఇరవై రెండేళ్ళు కబడ్డీకి విజిలూదాను.
గీత దాటిన కాలివేలిని దుమ్ములో పట్టుకున్న కన్ను నాది.
ఇక్కడ దుమ్ము లేదు, గీత లేదు, కూత లేదు.
పిల్లలు కూర్చునే ఉంటారు,
బొటనవేళ్ళు పరిగెడతాయి.
మెడలో జాతీయ సమాఖ్య బిళ్ళ,
చేతిలో అరవై నాలుగు పేజీల నిబంధనలు.
రెండు రాత్రులు కూర్చుని తెలుగులోకి దించుకున్నాను,
‘ఆటగాడు’ అన్న చోటల్లా
‘ఆడపిల్లయినా సరే’ అని పెన్సిల్‌తో కలుపుకుంటూ.

మా రాష్ట్ర సంఘానికి ఢిల్లీలో ఇద్దరు తల్లులు.
ఒకరి కాగితం మీద పులి, ఇంకొకరి కాగితం మీద గద్ద.
ఎవరు కన్నతల్లో కోర్టు ఇంకా చెప్పలేదు.
పులి గెలిపించినవాణ్ణి గద్ద గుర్తించదు,
గద్ద సర్టిఫికెట్ పులి ముట్టదు.
మేము పులి వైపు.
పులి ముందు ఉత్తరం రాసింది, అంతే.

పొద్దున్నంతా కాగితాల పని.
ఆధార్, పుట్టిన తేదీ,
ఫోనులో దొంగ సాయాలు లేవని ప్రమాణం,
పద్దెనిమిది నిండకపోతే ఇంట్లోవాళ్ళ సంతకం.
ఆచంట నుంచి వచ్చిన ఒకావిడ పెన్ను పట్టుకుని ఆగింది.
“ఇది ఆటేనా అమ్మా? జూదం కాదు కదా?”
మూడో నిబంధన తీసి చూపించాను.
ఆవిడ దాన్ని చూళ్ళేదు,
నా మొహం చూసి సంతకం పెట్టింది.

బొంతు సువర్ణరాజు.
మొగల్తూరు అవతల రొయ్యల చెరువు కాపలా.
రాత్రంతా ఏరియేటర్ల హోరులో ఆడి ఆడి
వేళ్ళతో వినడం నేర్చినవాడు.
గోళ్ళలో మేత వాసన, పగిలిన ఫోనుకి టేపు.
ఎదురుగా కాకినాడ కాలేజీ కుర్రాడు,
వీపు మీద పేరున్న చొక్కా, మెడలో బుల్లి పంకా.

సెమీఫైనల్. మూడో ఆట. రాజు ముందున్నాడు.

కరెంటు పోయింది.

వైరు పట్టుకుని బతుకుతున్న అతని ఫోను ఆరిపోయింది.
అవతలి ఫోను వెలుగుతూనే ఉంది.
హాలు జనరేటర్ పెళ్ళివాళ్ళకేనట,
సగం అద్దెలో డీజిలు లేదట.

అందరూ నా వైపు చూశారు.
విజిల్ కోసం చెయ్యి మెడ దాకా వెళ్ళింది,
బిళ్ళ తగిలింది.
నిబంధన పద్నాలుగు: పరికరం పూచీ ఆటగాడిదే.
పైకి చదివాను. నా తెలుగు నాకే కటువుగా వినబడింది.
“మళ్ళీ ఆడతాను మేడం,” కాకినాడ అబ్బాయి చెయ్యెత్తాడు.
అరవై నాలుగు పేజీల్లో ఆ మాటకి చోటు లేదు.
ఓటమి రాశాను.

సువర్ణరాజు వాదించలేదు.
వైరు చుట్టుకుంటూ, మామూలుగానే,
“మా చెరువుకాడ కరెంటు పోతే
నిమిషంలో జనరేటర్ ఎత్తాలండి.
లేపోతే రొయ్య తేలిపోద్ది.
రొయ్యకైతే ముందే ఏర్పాటుంటదండి.”

రాజోలు బస్సులో నివేదిక మొదలుపెట్టాను.
మొదటి వాక్యం అతనిదే రాశాను.
సమాఖ్యకి రొయ్యల గొడవెందుకని కొట్టేశాను.
చించినాడ వంతెన మీద, కింద గోదారి చీకట్లో ఉండగా,
మళ్ళీ రాశాను.

ఐదు నెలలకి పులిబొమ్మతో సర్క్యులర్.
పద్నాలుగు కింద ఒక చిన్న ‘బి’:
వేదికలో కరెంటు పోతే ఆట ఆగుతుంది,
బ్యాటరీలు సంఘమే తేవాలి.
ఎవరి పేరూ లేదు. రొయ్య అసలే లేదు.
వారం తిరక్కుండా గద్ద వాళ్ళూ
అదే వాక్యం అచ్చేసుకున్నారు, కామాతో సహా.
వాళ్ళిద్దరూ ఏకమైంది నాకు తెలిసి ఆ ఒక్క కామా దగ్గరే.

సువర్ణరాజుకి ఫోను చేసి చదివాను.
హోరులో వినబళ్ళేదన్నాడు. గట్టిగా మళ్ళీ చదివాను.
“బాగుందండి. మరి పోటీ ఎప్పుడండి?”
అది కోర్టు వాయిదాల్లో ఉంది.
ఆ మాట ఎలా చెప్పాలా అనుకునేలోగా
“మేత టైమండి” అని పెట్టేశాడు.