పన్నెండో ప్రతి

మాంటెవీడియోలో ఆదివారం సంత.
నా బల్ల మీద తుప్పు తాళాలు, కళ్ళజోళ్ళు,
ఎవరిదో పెళ్ళి ఫోటో, చేపల కత్తి.
ఓ పక్కన, తడవకుండా ప్లాస్టిక్ కింద
పెద్దమనుషులు సంతకాలు చేసిన ఉపన్యాసాలు.

అవి కొనేవాళ్ళది వేరే జాతి.
మాట చదవరు.
సంతకం తోక పైకి లేచిందా, కిందికి జారిందా అని
భూతద్దంలోంచి బేరమాడతారు.
మంత్రి అయ్యాక పెట్టినదానికి ఒక రేటు,
జైలుకెళ్ళే ముందు పెట్టినదానికి ఇంకో రేటు,
మనిషి పోతే రెట్టింపు.
నేను పెట్టిన ధర్మం కాదిది.

ఎలాడియో బెతాన్కుర్ మాత్రం
తిన్నగా నాలుగో పేజీ తెరుస్తాడు.
పందొమ్మిదేళ్ళుగా ఒకే ఉపన్యాసం కోసం వస్తున్నాడు,
ఏ సభలోనూ ఎవరూ చదవని ఉపన్యాసం.
సెనేటర్ ఓవిదియో గాస్తెలూ
పన్నెండు ప్రతుల మీద సంతకం పెట్టిన రాత్రి తెల్లారేసరికి
సభ తలుపుల దగ్గర తుపాకులు నిలబడి ఉన్నాయి.
పదకొండు ప్రతులు ఎలాడియో ఇంట్లో ఉన్నాయి,
బిస్కట్ల డబ్బాలో.

ఎందుకయ్యా అంటే,
నా సొరబుర్రలోంచి మాతే పీలుస్తూ ఒకసారి చెప్పాడు:
"అది పేర్చింది నేనే. పదహారేళ్ళు నాకు.
వేళ్ళు కొంకర్లు పోయే చలి, చేతిలో సీసం అక్షరాలు,
బయట ట్రక్కుల చప్పుడు.
'నున్కా' అన్న మాట, ఇక ఎన్నడూ అని.
మన 'ఉ' తలకిందులైతే 'న' అవుతుంది కదా.
అయింది.
సరిగ్గా ఆ మాటకే నోరు పెగల్లేదు."

సెనేటర్ తిట్టలేదట.
ఒక్కో ప్రతిలో ఆ అక్షరం కొట్టేసి
పైన చిన్న 'ఉ' రాసి
ఆ తర్వాతే సంతకం పెట్టాడట.

మొన్న జూలైలో
నది గాలికి బల్ల గుడ్డ ఎగిరిపోతున్న రోజు
ఓ పళ్ళ డాక్టరు ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిన పెట్టెలో
దొరికింది పన్నెండోది.
సంతకం 'ఓవిదియో' దాకా వచ్చి ఆగింది.
దీనికొక్కదానికీ సంతకమే ముందు మొదలెట్టాడు,
ఎవరో తలుపు కొట్టి ఉంటారు.
నాలుగో పేజీలో అక్షరం ఇంకా తలకిందులుగానే ఉంది.

ధర రెట్టింపు చెప్పాను. సిగ్గుపడను.
అతను పెన్ను అడిగాడు.
"దిద్దావంటే దీని విలువ పోతుంది," అన్నాను.
మూత తీశాడు. చాలాసేపు పట్టుకున్నాడు.
మళ్ళీ మూత పెట్టి
కాగితాన్నే తలకిందులు చేశాడు.

ఇప్పుడు అదొక్కటే తిన్నగా నిలబడింది,
తక్కిన ఉపన్యాసమంతా తిరగబడింది.
కంపోజిటర్లకు అలా చదవడం అలవాటేనట.
చదివాడు, పైకి, మొదటి వాక్యం నుంచీ.
పక్క బల్ల దగ్గర కోడిపిల్లలమ్మే డెల్మీరా
రేడియో తగ్గించింది.

డబ్బు తీసుకున్నాను.
నలభై పెసోలు తిరిగివ్వాలి, మర్చిపోయాను.
తాళాల గిన్నెలో పెట్టి ఉంచాను.
మూడు ఆదివారాలైంది.