నెల రీడింగు

దాసన్నపేటలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు.
"కరెంటు బావొచ్చాడు" అని లోపలికి కేకేసి
కుక్కని కట్టేసి గేటు తీస్తారు.
మెట్ల కిందో, చెప్పుల స్టాండు వెనకో
బూజు పట్టిన గాజు మూత లోపల
అంకెలు నెల్లాళ్లూ నా కోసం తిరుగుతూ ఉంటాయి.

పద్దెనిమిదేళ్ల కొలువు.
ఊళ్లో ఎవరి గుట్టూ నాకు తెలీదు గానీ
ఎవరెంత చల్లగా పడుకుంటారో తెలుసు.

ఉల్లివీధి మలుపులో ఇజ్జిరోతు వారి మేడ.
నలుగురు మనుషులు, ఐదు ఏసీలు.
ఐదోది ఎవరికని అడగలేదు,
కాయితం చింపి ఇచ్చి వచ్చేశాను.
పక్క సందులో కుట్టుమిషను ముత్యాలు
మోటారు ఊడదీయించి మళ్లీ తొక్కుడు పలక బిగించింది.
"బిల్లుకి బయపడి కాదు బావూ,
కాలాడకపోతే గుడ్డ నా మాటినదు."
ముప్పై ఎనిమిది యూనిట్లు.
ఆ అంకె కొడుతుంటే నా వేలికి
ఎక్కడలేని మర్యాద వచ్చింది.

రైలు గేటు పడితే సైకిలు దిగి నిలబడతాను.
మూతల్లేని పెట్టెల్లో తాల్చేరు బొగ్గు.
అందరూ ఫోన్లు చూసుకుంటారు,
నేను పెట్టెలు లెక్కపెడతాను. అదో జబ్బు.
యాభై ఎనిమిది.
"యూనిట్టుకి ముప్పాతిక కేజీ బొగ్గు కాలాలట గురూ"
అని లైన్‌మన్ తవిటినాయుడు ఓసారి
స్తంభం మీంచే చెప్పాడు.
పైనున్నవాడి మాట, గాలికి పోయిందనుకున్నాను.
పోలేదు.
మర్నాటి నుంచి ఏ గుమ్మంలో చూసినా గుట్టలే.
ఇజ్జిరోతు వారి చెప్పుల స్టాండు మునిగిపోయింది.
ముత్యాలు గడపలో సగం బస్తా, అంతే.

అయినా తొందరపడి ఎవరికీ దండం పెట్టకూడదు.
తక్కువ అంకెలన్నీ మంచివాళ్లవి కావు,
కొన్ని లేనివాళ్లవి.
హుదూద్ వచ్చిన నెల
మీటర్లన్నీ కదలకుండా నిలబడ్డాయి,
మేడకీ పాకకీ ఒకటే లెక్క.
దాన్నెవరూ పొదుపు అనలేదు.
చీకటి అన్నారు.

మా ఇంటి మీటరు నేను చూడను.
ఆ వీధి గవరయ్యది.
మొన్న వైశాఖంలో వాడు కాయితం నా చేతిలో పెట్టి
నేను ఇజ్జిరోతు వారి గుమ్మంలో తిరిగినట్టే
మాటాడకుండా వెనక్కి తిరిగాడు.
మూడు వందల పదకొండు.

ఆ రాత్రి ఏసీ కట్టేద్దామన్నాను.
కళావతి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.
"ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి.
డబ్బులు కడుతూ ఉక్కలో పడుకోడం ఏ లెక్కయ్యా?"
లెక్కలే బతుకైన నాకు ఆ లెక్క రాలేదు.
అర్ధరాత్రి దాకా బేరం.
ఇరవై ఆరు మీద పెట్టి, ఫ్యాను తోడు వేసి,
రెండింటికి దానంతటదే ఆగేట్టు.
పడమటి కిటికీకి తడి గోనెపట్టా నా వంతు.
మూతపడ్డ మిల్లు నుంచి
మా నాన్న తెచ్చుకున్న ఆఖరి గోనె అది.
నీళ్లు చల్లగానే
సైరను మోగి, షిఫ్టు దిగి,
ఆయన గుమ్మంలో చెప్పులు విడిచిన వాసన.

మరుసటి నెల రెండు వందల పద్నాలుగు.
గవరయ్య అప్పుడూ నవ్వలేదు,
వాడికి నవ్వు రాదని అప్పుడు తెలిసింది.
కళావతి మిగిలిన డబ్బుతో కుక్కర్‌కి కొత్త రబ్బరు కొంది.
గేటు దగ్గర మళ్లీ లెక్కపెట్టాను.
యాభై ఎనిమిదే.
నా బస్తాన్నర ఏ పెట్టెలో తగ్గిందో పోల్చుకోలేకపోయాను.

రాత్రి రెండింటికి ఏసీ గుటక వేసి ఆగుతుంది.
గది ఒక్కసారి వెడల్పవుతుంది.
కిటికీ తీస్తాను.
ఇన్నాళ్లూ ఆ హోరులో వినపడలేదు గానీ
దూరంగా, పట్టాల మీద, బరువుగా,
ఆ బండే.
పడుకునే లెక్కపెడతాను, చప్పుడు చప్పుడుకీ ఒక పెట్టె.
నలభై దాటాక
ఎక్కడో నిద్ర పడుతుంది.