తొడిమ తీసిన పేరు

మా నాయనమ్మ పేరు మేబెల్.
గుంటూరు చుట్టుగుంట కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకి తొడిమలు తీసేది, కిలోకింత లెక్కన.

మిషను కాంపౌండుకి ఓడలో వచ్చిన
పాత గౌన్ల మూటలో
ఒక గౌను మెడపట్టీ లోపల
నీలం దారంతో కుట్టిన ఐదక్షరాలు.
ఆమెని అందులో చుట్టే బాప్తిస్మానికి తెచ్చారు.
పాస్టరుగారు ఆ కుట్టుని కూడబలుక్కుని చదివారట.
మూడేళ్ళొచ్చేదాకా గౌను వదులే,
పేరు మాత్రం ఆ పూటే సరిపోయింది.
ఏ ఊరి పిల్లదో అది,
పెరిగి విడిచిందో, పెరగకుండానే పోయిందో.
చంకలో చిన్న చిరుగు ఉండేదట,
ఎవరో ఓపిగ్గా కుట్టిన చిరుగు.

పేట పిల్లలు ఊరుకున్నారా?
మే అంటే మేక, బెల్ అంటే గంట,
మేక గంటా మేక గంటా అని వెంటపడ్డారు.
మేస్త్రి నోట మేబులమ్మ.
తాతకి ఆ తిప్పలే లేవు,
"ఏమే" అన్నాడు నలభై ఏళ్ళు.
ఒకక్షరం కలిసిందిలే, అంటుంది ఆమె.

రేషను కార్డు మీద మాత్రం
మాబూబీ.
రాసినవాడిది ఆనందపేట కాబోలు,
చెవికి తెలిసిన పేరే చేతికొచ్చింది.

పేర్లు కలవలేదని పింఛను ఆగింది.
కలెక్టరాఫీసు గోడ పక్కన, గొడుగు కింద
అర్జీలు రాసే జిలానీ సాయిబు ముందు
నేను ఫోన్లో దొరికింది చదివాను:
లాటిన్‌లో అమాబిలిస్, ప్రేమించదగినది అని.
ఫ్రెంచి వాళ్ళ నోళ్ళలో నాని
ఇంగ్లండు చేరేసరికి అమాబెల్.
వాడగా వాడగా ముందున్న 'అ' రాలి మేబెల్.
కొన్ని వందలేళ్ళు అడుగున పడి,
విక్టోరియా రాణి కాలంలో ఇంటింటా మొలిచి,
మళ్ళీ పాతబడి...

నాయనమ్మ వింది.
చేతులు ఊరికే ఉండవు కదా,
లేని కాయని పట్టుకుని గిల్లుతున్నాయి.
"అంటే, తొడిమ తీసేశారన్నమాట."

సాయిబు కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు.
"మహబూబ్ అన్నా అదేనమ్మా,
ప్రేమకి నోచుకున్న మనిషని.
అక్షరాలు తప్పాయి గానీ
అర్థం ఎక్కడిదక్కడే ఉంది."

కాసేపు ముగ్గురం మాట్లాడలేదు.
అరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట
ఆమెతో ఎవరూ అనలేదని నాకు తెలుసు.
గోళ్ళ సందుల్లో పోని ఎరుపు,
కొంగు కిందికి లాక్కుంది.
"బానే ఉంది గానీ సాయిబూ,
డబ్బులు ఏ పేరు మీద పడతయ్యి?"

మాబూబీ అలియాస్ మేబెల్ అని రాశాడు.
కింద వేలిముద్ర.
నలభై రూపాయలిస్తే ఇరవై వెనక్కిచ్చాడు.

ఇంటికొస్తూ యార్డు గేటు దాటుతుంటే
టిక్కీల లారీ ఒకటి ఘాటు చిమ్ముకుంటూ పోయింది.
నాయనమ్మ ఆగింది,
కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది
అ...
అ...

వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
ఆమె చెయ్యి పట్టుకుని
నేను ఆ తుమ్ము కోసం
నడిరోడ్డు మీద నిలబడ్డాను.