ఎన్ని మెట్లు

సింగ్ నగర్ మూడో లైన్లో
నడిరాత్రి ఫోన్లన్నీ ఒక్కసారే ఊళపెట్టాయి.
ఎర్ర రంగు. అతి భారీ వర్షం. ఇరవై సెంటీమీటర్లు.
బయటికెళ్లి చూశాను: సన్న తుంపర,
నా మిక్సీల షాపు చూరు కింద పిల్లి కూడా లేవలేదు.
మెసేజ్ తుడిచేసి పడుకున్నాను.

పక్క వాటా ఖాసింబీ తలుపు కొట్టింది.
"సెంటీమీటర్లంటే మన మెట్లలో ఎన్ని నాయనా?"
తెలీదన్నాను.
"వాన ఇక్కడే పడక్కర్లేదు,
మైలవరం కొండల్లో పడితే చాలు.
బుడమేరు కబురు పెట్టి వచ్చే చుట్టం కాదు.
ఇదిగో, ఈసారి పెట్టింది."

అప్పటికే మెయిన్ ఆపేసింది,
గ్యాస్ బండ అటకెక్కించింది,
రేషన్ కార్డూ షుగరు బిళ్లలూ
బిర్యానీ డబ్బాలో పెట్టి మూత బిగించింది.
మేడ మీదవాళ్లని లేపి చాపలు అడిగింది.
నేను చేసిందల్లా మోయడం:
రిపేరుకొచ్చిన పదకొండు మిక్సీలు,
వాటికి కట్టిన పేర్ల చీటీలతో సహా.

తెల్లారేసరికి నీళ్లు
రెండో మెట్టు దాకా వచ్చి
ఎటూ తేల్చుకోనట్టు నిలబడ్డాయి.
ఉత్తపుణ్యానికి నిద్ర చెడిందని
ఎవరో పైనుంచి విసుక్కున్నారు.

ఖాసింబీ నీటి అంచున గోడ మీద
సుద్దముక్కతో గీత గీసి
పక్కన టైమేసింది, ఆరూ పది.

మళ్లీ కూసింది ఫోను.
నా వేలు దానంతటదే తుడవబోయింది.
"చదువు," అంది.
"పూర్తిగా."